సభ్యుడి ఓటు ఎక్కడ ఖాయమవుతుంది?

1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269 ఓట్లు, వ్యతిరేకంగా 270 ఓట్లు పడ్డాయి. ఒక్క ఓటుతో కేంద్ర ప్రభుత్వం పడిపోయింది. ఆ ఒక్క ఓటు ఎవరిదన్న చర్చ వచ్చినప్పుడల్లా రెండు పేర్లు వినిపిస్తాయి. మొదటిది గిరిధర్ గమాంగ్. అప్పటికి రెండు నెలల ముందే ఆయన ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు. కానీ కోరాపుట్ ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చెయ్యలేదు. కాంగ్రెస్ తరఫున ఢిల్లీ వచ్చి ఓటేశారు. రెండోది సైఫుద్దీన్ సోజ్. ఆయన పార్టీ నేషనల్ కాన్ఫరెన్స్ ప్రభుత్వం వైపు నిలబడితే, ఆయన వ్యతిరేకంగా ఓటేశారు. పార్టీ ఆయన్ని బహిష్కరించింది. ఒకే తీర్మానం మీద ఒకరు పార్టీ మాట విని, ఇంకొకరు పార్టీ మాట కాదని, ఇద్దరూ ఒకే వైపు చేరారు.

ఆ రోజు స్పీకర్ స్థానంలో ఉన్నది అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి. ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి లోక్‌సభలో ఓటెలా వేస్తారని గొడవ జరిగితే, ఆయన ఆ నిర్ణయాన్ని గమాంగ్ విజ్ఞతకే వదిలేశారు. గమాంగ్ గనక ఓటు వేయకుండా ఊరుకుని ఉంటే లెక్క 269–269 అయ్యేది. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం ఓట్లు సమానమైనప్పుడే స్పీకర్ తన ఓటు వేయాలి. అంటే దేశ ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్నది కోనసీమ నుంచి వెళ్లిన ఒక్క సభ్యుడి చేతికి వచ్చేది. ఆయన పార్టీ తెలుగుదేశం అప్పుడు ఆ ప్రభుత్వానికి బయటినుంచి మద్దతిస్తోంది.

చట్టసభ సభ్యుడు ఎటు ఓటేయాలన్నది దేన్ని బట్టి నిర్ణయించుకుంటాడు? పార్టీ ఆదేశం, నియోజకవర్గం, సొంత నమ్మకం, పదవి మీదో డబ్బు మీదో ఆశ. ఈ నాలుగూ పనిచేస్తాయని ఎవరైనా చెబుతారు. ఏది ఎంత పనిచేస్తుందన్నదే తేలాలి. మన దేశంలో అది కొంతవరకు లెక్కగట్టడానికి వీలుంది. సభలో పడే కొన్ని ఓట్లకు విప్ ఉంటుంది, కొన్నిటికి ఉండదు. కొన్ని అందరూ చూస్తుండగా వేసేవి, కొన్ని రహస్యంగా వేసేవి. అవే పార్టీలు, అవే మనుషులు. ఓటేసే పద్ధతి మారినప్పుడు అంకెలు ఎటు కదిలాయో చూసుకుంటూ పోతే అసలు సంగతి బయటపడుతుంది.

మూడు గీతల కాగితం

విప్ అనేది ఒక కాగితం. ఫలానా తేదీన, ఫలానా అంశం మీద సభకు రావాలని పార్టీ తన సభ్యులకు పంపే ఆదేశం. కింద ఒక గీత ఉంటే ఓటింగ్ ఉందని సమాచారం ఇచ్చినట్టు. రెండు గీతలుంటే తప్పక హాజరు కావాలి. మూడు గీతలుంటే హాజరు కావడంతోపాటు పార్టీ చెప్పినట్టే ఓటేయాలి. వార్తల్లో మనం చదివే ‘త్రీలైన్ విప్’ ఇదే.

ఈ కాగితానికి కోరలు వచ్చింది 1985లో. అంతకుముందు విప్ ధిక్కరిస్తే పార్టీ కోపగించుకునేది, మహా అయితే బయటికి పంపేది. సీటు మాత్రం పోయేది కాదు. 1967లో హర్యానా ఎమ్మెల్యే గయాలాల్ రోజుల వ్యవధిలో పార్టీలు మారి ‘ఆయారాం గయారాం’ అన్న పేరు దేశానికి ఇచ్చినప్పుడు చట్టం చూస్తూ ఊరుకుంది. తెలుగువాళ్లకు అంతకంటే దగ్గరి అనుభవం 1984 ఆగస్టు. ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. ఎమ్మెల్యేలు చేజారకుండా వాళ్లను బెంగళూరు వైపు తరలించి కాపాడుకోవాల్సి వచ్చింది. ఎన్టీఆర్ సెప్టెంబరు 16న తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. క్యాంపు రాజకీయం అన్న మాట మన వాడుకలో స్థిరపడింది ఇలాంటి రోజుల్లోనే. తర్వాత అయిదు నెలలు తిరక్కుండానే, 1985 జనవరిలో, పార్లమెంటు 52వ రాజ్యాంగ సవరణ చేసింది. పదో షెడ్యూల్ వచ్చింది.

ఆ షెడ్యూల్ ప్రకారం సభ్యుడి సీటు రెండు దారుల్లో పోతుంది. తనంతట తాను పార్టీని వదులుకుంటే ఒకటి. ముందస్తు అనుమతి లేకుండా విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, ఓటింగ్‌కు దూరంగా ఉన్నా రెండోది. పార్టీ 15 రోజుల్లోపు క్షమిస్తే తప్ప రెండోదాన్నుంచి బయటపడలేడు. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఏ ఓటుకు విప్ ఇవ్వొచ్చు, దేనికి ఇవ్వకూడదు అని షెడ్యూల్‌లో ఎక్కడా లేదు. ప్రభుత్వం కూలిపోయే ఓటైనా, ఎవరికీ పట్టని చిన్న సవరణైనా శిక్ష ఒక్కటే. 1992లో కిహోటో హోలోహన్ కేసులో సుప్రీంకోర్టు 3–2 మెజారిటీతో ఈ షెడ్యూల్‌ను సమర్థిస్తూనే, సీటు పోయే తరహా విప్‌ను విశ్వాస పరీక్షలకు, పార్టీ మౌలిక విధానాలకు పరిమితం చేయడం మంచిదని సూచించింది. 1990లో దినేష్ గోస్వామి కమిటీ, 1999లో లా కమిషన్ దాదాపు అదే మాట చెప్పాయి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ మార్పు జోలికి పోలేదు.

వేరే చోట ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ చాలు. 2019 జనవరి 15న బ్రిటన్ ప్రధాని థెరిసా మే బ్రెగ్జిట్ ఒప్పందం 202–432 తేడాతో ఓడిపోయింది. ఆమె సొంత పార్టీ ఎంపీలే 118 మంది వ్యతిరేకంగా ఓటేశారు. అక్కడా విప్ ఉంది, మూడు గీతల అలవాటు మనకు వచ్చింది అక్కడినుంచే. కానీ ఆ 118 మందిలో ఒక్కరి సీటు కూడా ఆ ఓటు వల్ల పోలేదు. మన లోక్‌సభలో అదే పని చేస్తే 118 అనర్హత పిటిషన్లు దాఖలయ్యేవి.

సీటు పోతుందని తెలిసి కూడా

విప్‌కు ఇంత బలముంటే ఎవరూ ధిక్కరించకూడదు. అయినా ధిక్కరించినవాళ్లున్నారు. వాళ్లను చూస్తేనే పార్టీని మించిన శక్తి ఏదో తెలుస్తుంది.

2011 డిసెంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం మీద తెలుగుదేశం అవిశ్వాస తీర్మానం పెట్టింది. జగన్ వెంట నడుస్తున్న 16 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. ప్రజారాజ్యం టికెట్ మీద గెలిచిన శోభా నాగిరెడ్డి కూడా వాళ్లతో కలిశారు. ప్రభుత్వం నిలబడింది. ఈ 17 మంది సీట్లు పోయాయి. తిరుపతితో కలిపి 18 స్థానాలకు 2012 జూన్ 12న ఉపఎన్నికలు జరిగితే వైఎస్సార్ కాంగ్రెస్ 15 గెలిచింది. తిరుపతిని పక్కనపెట్టి వేటు పడ్డవాళ్లనే లెక్కేస్తే, 17 మందిలో 14 మంది తిరిగి సభకు వచ్చారు. నరసాపురం, రామచంద్రపురం, పరకాల మాత్రమే దక్కలేదు.

ఈ 14 అన్న అంకె చాలా చెబుతుంది. ఓటేసే రోజునే వాళ్లకు లెక్క తెలుసు. రాజశేఖర రెడ్డి మరణం తర్వాత తమ నియోజకవర్గాల్లో జనం మనసు ఎటుందో చూసుకున్నారు. మళ్లీ టికెట్ ఇచ్చే కొత్త నాయకుడు ఎదురుగా ఉన్నాడు. సీటు పోయినా ఆరు నెలల్లో తిరిగొస్తుందన్న ధీమాతోనే పాత పార్టీ విప్‌ను పక్కన పడేశారు. నియోజకవర్గం పార్టీని గెలవడం అంటే ఇదే. కాకపోతే అలా గెలవాలంటే పక్కనే ఇంకో పార్టీ టికెట్ పట్టుకుని నిలబడి ఉండాలి. అది లేకుండా కేవలం ‘మా ఊరివాళ్లకు ఇది ఇష్టం లేదు’ అని విప్ ధిక్కరించిన సభ్యులు మన చరిత్రలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ధీమా తప్పితే ఏమవుతుందో హిమాచల్ ప్రదేశ్ చూపించింది. 68 మంది సభలో కాంగ్రెస్‌కు 40, బీజేపీకి 25, స్వతంత్రులు 3. 2024 ఫిబ్రవరి 27న రాజ్యసభ ఎన్నికలో ఆరుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు, ముగ్గురు స్వతంత్రులు బీజేపీ అభ్యర్థికి ఓటేశారు. 34–34. లాటరీ తీస్తే కాంగ్రెస్ అభ్యర్థి అభిషేక్ సింఘ్వీ ఓడిపోయారు. ఆ ఆరుగురి మీద వేటు పడింది, కానీ ఆ ఓటు వేసినందుకు కాదు. రాజ్యసభ ఎన్నిక సభా కార్యకలాపం కిందకు రాదు కాబట్టి పదో షెడ్యూల్ అక్కడ పనిచెయ్యదు. మర్నాడు బడ్జెట్ ఓటింగ్‌కు విప్ ఉన్నా రానందుకు సీట్లు పోయాయి. ఉపఎన్నికల్లో ఆరుగురూ బీజేపీ టికెట్ మీద నిలబడ్డారు. గెలిచింది ఇద్దరే. మన దగ్గర 17కు 14, అక్కడ 6కు 2. చట్టం రెండు చోట్లా అదే, జనం తీర్పు వేరు.

పరదా వెనక

ఓటు రహస్యమైనప్పుడు ఏం జరుగుతుంది? ఇక్కడ లెక్కలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. 2023 మార్చి 23న ఆంధ్రప్రదేశ్‌లో ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీ ఎన్నిక దానికి మంచి పాఠం. 7 స్థానాలు, 8 మంది అభ్యర్థులు, 175 ఓట్లు. మొదటి ప్రాధాన్య ఓట్లతో గెలవాలంటే 22 కావాలి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ 151 గెలిచింది, తెలుగుదేశం 23, జనసేన 1. తెలుగుదేశం నుంచి నలుగురు, జనసేన నుంచి ఒకరు అధికార పార్టీ వైపు వెళ్లడంతో ఆ బలం 156కు చేరింది. ఆనం రామనారాయణ రెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి అప్పటికే బాహాటంగా తిరుగుబాటు చేశారు గనుక వాళ్లను తీసేస్తే 154. ఏడు స్థానాలకు సరిగ్గా 22 చొప్పున పంచితే 154 అవుతుంది. ఒక్క ఓటు మిగలదు, ఒక్క ఓటు తగ్గదు. ఎవరు ఏ అభ్యర్థికి వేయాలో పేరుపేరునా పంచుకుని, మాక్ పోలింగ్‌లు పెట్టుకునే అవసరం అందుకే వచ్చింది.

అవతల తెలుగుదేశానికి మిగిలింది 19. ఆ ఇద్దరినీ కలిపినా 21. ఒక ఓటు తక్కువ. పెట్టె తెరిచేసరికి పంచుమర్తి అనురాధకు 23 వచ్చాయి. అధికార పార్టీ లెక్కలోంచి మరో ఇద్దరు జారిపోయారు. ఆ పార్టీ వెంటనే నలుగురిని సస్పెండ్ చేసింది. పైన చెప్పిన ఇద్దరూ, ఉండవల్లి శ్రీదేవి, మేకపాటి చంద్రశేఖర్ రెడ్డి. ఉదయగిరి నుంచి గెలిచిన ఈ మేకపాటి 2011లో కాంగ్రెస్ విప్‌ను ధిక్కరించిన 16 మందిలోనూ ఉన్నారు.

రహస్య ఓటులో విప్ లేదు, వేసినవాడి పేరు తెలియదు. అలాంటప్పుడు మిగిలేది సభ్యుడి సొంత లెక్క ఒక్కటే. వచ్చేసారి నాకు టికెట్ వస్తుందా, ఎవరిస్తారు? ఆ నలుగురి తర్వాతి కథ చూడండి. 2024 ఎన్నికల్లో ఆనం ఆత్మకూరు నుంచి, కోటంరెడ్డి నెల్లూరు రూరల్ నుంచి తెలుగుదేశం టికెట్ మీద గెలిచారు. ఆనం మంత్రి అయ్యారు. మిగతా ఇద్దరి పాత స్థానాలు ఉదయగిరి, తాడికొండల్లో టికెట్లు వేరేవాళ్లకు వెళ్లాయి.

రహస్య ఓటుకు ‘ఆత్మప్రబోధం’ అన్న గంభీరమైన పేరు పెట్టింది 1969 రాష్ట్రపతి ఎన్నిక. ప్రధాన పోటీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్యే. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, స్వతంత్రుడు వి.వి. గిరి. సంజీవరెడ్డి నామినేషన్ మీద సంతకం పెట్టిన ఇందిరాగాంధీయే తర్వాత ఆత్మప్రబోధానుసారం ఓటేయమని సభ్యులకు చెప్పారు. రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కించాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువైన ఓట్లు వచ్చాయి. ఆత్మప్రబోధం అంటూనే ఆ ఓట్లు ఇందిర వైపు వాళ్లు ఎవరు, ఆమెను ఎదిరించిన పార్టీ పెద్దల ‘సిండికేట్’ వైపు వాళ్లు ఎవరు అని చీలాయి. మూడు నెలలు తిరిగేసరికి పార్టీయే రెండుగా చీలిపోయింది.

2025 సెప్టెంబరు 9న జరిగిన ఉపరాష్ట్రపతి ఎన్నికలో తెలుగువాళ్లకు ఇంకో పరీక్ష ఎదురైంది. ప్రతిపక్షాల అభ్యర్థి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డి, రంగారెడ్డి జిల్లావాసి. విప్ లేదు, ఓటు రహస్యం. ఆయన మనస్సాక్షితో ఓటేయమని ఎంపీలను కోరారు. తెలుగుదేశం, జనసేన తమ ఎన్డీఏ కూటమి అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్‌కే కట్టుబడ్డాయి. ప్రతిపక్షంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్ కూడా ఆయనకే మద్దతు ప్రకటించింది. నలుగురు రాజ్యసభ సభ్యులున్న బీఆర్ఎస్ యూరియా కొరతకు నిరసనగా ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయింది. చివరికి 452–300. మరో 15 ఓట్లు చెల్లలేదు. ఎన్డీఏ సొంత బలం 427, వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు 11 మంది, మొత్తం 438. ఆ పైన వచ్చిన 14 ఓట్లు ఎవరివో చెప్పే కాగితం లేదు. కానీ ఒక విషయం స్పష్టంగా కనిపిస్తోంది. మన ప్రాంతం మనిషి అన్న భావన మాటల్లో ఎంత గట్టిగా వినిపించినా, పార్టీల మధ్య పొత్తులు, కేంద్రంతో ఎవరి అవసరాలు వాళ్లకు ఉన్నచోట అది పెద్దగా ఓట్లను కదపలేదు.

డబ్బు మాట

1993 జులై 28న పి.వి. నరసింహారావు మైనారిటీ ప్రభుత్వం 251–265 తేడాతో అవిశ్వాస తీర్మానాన్ని గట్టెక్కింది. తేడా 14. కొందరు జార్ఖండ్ ముక్తి మోర్చా, జనతాదళ్ ఎంపీలకు డబ్బు ముట్టిందన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1998లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 3–2 మెజారిటీతో చెప్పింది ఇదీ: డబ్బు తీసుకుని సభలో ఓటేసిన ఎంపీలకు 105వ అధికరణం కింద రక్షణ ఉంది, వాళ్లను విచారించడానికి లేదు. డబ్బు తీసుకున్నాడన్న ఆరోపణ ఉండి ఓటేయని అజిత్ సింగ్‌కు ఆ రక్షణ లేదు. అంటే లంచం తీసుకుని మాట నిలబెట్టుకున్నవాడు సురక్షితం, తప్పినవాడు నిందితుడు. ఇరవై ఆరేళ్ల పాటు ఈ దేశంలో ఇదే చట్టం. నరసింహారావుకు కింది కోర్టులో శిక్ష పడినా 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయన్ని నిర్దోషిగా తేల్చింది.

2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ తీర్పును కొట్టేసింది. ఆ కేసు పేరు సీతా సోరెన్. 1993 నాటి ఎంపీల్లో ఒకరైన శిబూ సోరెన్ కోడలు ఆమె. ఓటు కోసం లంచం తీసుకుంటే, చేతికి అందిన క్షణంలోనే నేరం పూర్తయినట్టు. తర్వాత ఎటు ఓటేశారన్నది అనవసరం. చాలా ఆలస్యంగా వచ్చినా, మన పార్లమెంటరీ చరిత్రలో దీనికంటే అవసరమైన తీర్పులు ఎక్కువ లేవని నా అభిప్రాయం.

2008 జులై 22న మన్మోహన్ సింగ్ ప్రభుత్వం 275–256తో గెలిచిన రోజు బీజేపీ ఎంపీలు లోక్‌సభలో నోట్ల కట్టలు తీసి చూపించారు. ఆ రోజు తెలుగుదేశం ఎంపీలు ఇద్దరు పార్టీ ఆదేశాన్ని కాదని ప్రభుత్వానికి ఓటేశారు. నోట్ల దృశ్యం అందరికీ గుర్తుండిపోయింది. కానీ సభ్యుణ్ణి కదిపే పెద్ద ప్రలోభం సంచీలో పట్టేది కాదు. ఎంపీకి నియోజకవర్గ నిధి ఏడాదికి 5 కోట్లు. ఒక మండలంలో రోడ్లు, మంచినీటి పథకం పూర్తి చేయాలన్నా అది చాలదు. మిగతాదంతా ప్రభుత్వం చేతిలో ఉంటుంది. పార్టీ మారిన ప్రతి ఎమ్మెల్యే నోటా వినిపించే ‘నియోజకవర్గ అభివృద్ధి కోసమే’ అన్న మాట వింటే జనం నవ్వుకుంటారు. అందులో సగం సాకు కావచ్చు, కానీ సగం నిజం. ప్రతిపక్ష ఎమ్మెల్యే ఫైలు సచివాలయంలో కదలదన్నది ఊళ్లో సర్పంచ్‌కు కూడా తెలుసు. ఆ సగం నిజమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఓటేసిన జనాన్ని వాళ్లు ఎన్నుకున్న పార్టీని బట్టి శిక్షించే పద్ధతి అది.

మూడింట రెండు వంతులు

ఫిరాయింపులకు అడ్డంగా కట్టిన గోడకు చట్టమే ఒక తలుపు పెట్టింది. 2003లో 91వ సవరణ మూడింట ఒక వంతు ‘చీలిక’ను తీసేసింది. మూడింట రెండు వంతుల ‘విలీనం’ మాత్రం ఉంచింది. ఒక్కడు వెళ్తే ఫిరాయింపు, మూడింట రెండు వంతుల మంది కలిసి వెళ్తే విలీనం.

2018 డిసెంబరులో తెలంగాణలో కాంగ్రెస్ 19 స్థానాలు గెలిచింది. 19లో మూడింట రెండు వంతులంటే 13. ఉత్తమ్‌కుమార్ రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి 2019 జూన్ మొదట్లో ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. బలం 18కి తగ్గింది. కావలసిన సంఖ్య 13 నుంచి 12కు దిగింది. ఒక్కరోజు తేడాతో పన్నెండో ఎమ్మెల్యే అధికార పార్టీ వైపు చేరారు, జూన్ 6న విలీనం అయిపోయింది. అదే నెలలో రాజ్యసభలో తెలుగుదేశానికి ఉన్న 6 మంది ఎంపీల్లో సరిగ్గా 4 మంది బీజేపీలో కలిశారు. రెండు చోట్లా కావలసిన అంకె ఎంతో అంతే. ఇంత కచ్చితంగా అంకెలు కుదరడం యాదృచ్ఛికం అనుకోలేం.

అంకె కుదరకపోతే ఆలస్యం ఆదుకుంటుంది. అనర్హత పిటిషన్ తేల్చాల్సింది స్పీకర్. స్పీకర్ అధికార పార్టీ మనిషి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 67 సీట్లు గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు. వాళ్లలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. సభ గడువు ముగిసేదాకా ఒక్కరి మీదా వేటు పడలేదు. 2023 తర్వాత తెలంగాణలో బీఆర్ఎస్ నుంచి 10 మంది కాంగ్రెస్ వైపు వెళ్లారు. ఆ పార్టీ గెలిచింది 39. విలీనం అనిపించుకోవాలంటే 26 కావాలి. పిటిషన్లు నెలల తరబడి కదలకపోతే, 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌ను ఆదేశించింది. ఈ అధికారం స్పీకర్ దగ్గరే ఉండాలా అన్నది పార్లమెంటు ఆలోచించాలని కూడా చెప్పింది. పైన చెప్పిన ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్సీ ఎన్నిక విషయానికొస్తే, అటు నలుగురు, ఇటు నలుగురు మొత్తం 8 మంది మీద స్పీకర్ వేటు వేసింది 2024 ఫిబ్రవరి చివరిలో, ఎన్నికల ముంగిట. అప్పటికి ఆ శిక్షకు విలువేముంది?

అందువల్ల ఈ చట్టం లెక్క విచిత్రంగా తయారైంది. ఒక బిల్లు నచ్చక దానికి వ్యతిరేకంగా ఓటేసి, పార్టీలోనే ఉండిపోదామనుకునే సభ్యుడికి సీటు పోవడం ఖాయం. పార్టీనే వదిలేసి అధికార పక్షం కండువా కప్పుకున్నవాడికి అయిదేళ్లూ గడిచిపోవచ్చు. ఫిరాయింపును ఆపడానికి పుట్టిన చట్టం ఆపగలిగింది భిన్నాభిప్రాయాన్నే. విప్‌ను విశ్వాస పరీక్షకు, ద్రవ్య బిల్లులకు పరిమితం చేసి, అనర్హత పిటిషన్లను స్పీకర్ చేతిలోంచి తీసి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రభుత్వాలు కూలిపోవు. బిల్లులు మాత్రం సొంత సభ్యులను ఒప్పించి నెగ్గించుకోవాల్సి వస్తుంది. 17వ లోక్‌సభలో కమిటీలకు వెళ్లిన బిల్లులు 16 శాతమే. ఎలాగూ మన వాళ్లు ఓటేస్తారన్న భరోసా ఉన్నప్పుడు పరిశీలనకు సమయం ఎందుకు పెడతారు?

పేర్లు లేని ఓట్లు

మామూలు బిల్లుల మీద సభ్యుడు ఎటు ఓటేశాడో మనకు చాలాసార్లు తెలియను కూడా తెలియదు. స్పీకర్ అనుకూలురు ‘అవును’ అనమంటారు, వ్యతిరేకులు ‘కాదు’ అనమంటారు, విని ఎటు ఎక్కువో ప్రకటిస్తారు. ఇది మూజువాణి ఓటు. ఎవరైనా ఆ ప్రకటనను సవాలు చేసి డివిజన్ అడిగితే గంటలు మోగుతాయి, తలుపులు మూస్తారు, పేరుపేరునా ఓటు నమోదవుతుంది. రాజ్యాంగ సవరణలకు డివిజన్ తప్పనిసరి. అందుకే 2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అవునన్నారని, కాదన్నది ఇద్దరని చెప్పగలుగుతున్నాం.

పేర్లు నమోదైతే ఏం తెలుస్తుందో 2024 డిసెంబరు 17న చూశాం. జమిలి ఎన్నికల బిల్లును సభలో ప్రవేశపెట్టడానికే 269–198తో ఓటింగ్ జరిగింది. విప్ ఉన్నా రాని సొంత ఎంపీలు 20 మంది దాకా ఉన్నారని బీజేపీకి ఆ జాబితా చూశాకే అర్థమైంది. పార్టీకి పనికొచ్చే ఆ జాబితా ఓటరుకూ పనికొస్తుంది.

తెలుగువాళ్లకు సంబంధించి గత అర్ధశతాబ్దంలో అతి పెద్ద ఓటింగ్‌కు అలాంటి జాబితా లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర శాసనసభ, ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి తీర్మానం మీద విభజన బిల్లును తిరస్కరించింది. సొంత పార్టీ అధిష్ఠానాన్ని ఒక ముఖ్యమంత్రి ఎదిరించిన రోజది. ఓటింగ్ మాత్రం మూజువాణి. ఫిబ్రవరి 11న, సొంత ప్రభుత్వం మీద అవిశ్వాస నోటీసులిచ్చిన ఆరుగురు సీమాంధ్ర ఎంపీలను కాంగ్రెస్ బహిష్కరించింది. 13న సభలో పెప్పర్ స్ప్రే చల్లారు, పలువురు ఎంపీలు సస్పెండయ్యారు. 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా లోక్‌సభ అదే బిల్లును ఆమోదించింది. అదీ మూజువాణితోనే. 19 రోజుల తేడాలో ఒక సభ వద్దంది, ఇంకో సభ సరేనంది. విభజన కోరినవాళ్లయినా, వద్దన్నవాళ్లయినా తమ ఎమ్మెల్యే ఆ రోజు ఏమన్నాడు, సభలో ఉన్న తమ ఎంపీ చివరి ఓటు ఎటు వేశాడు అని రికార్డు తీసి చూసుకునే వీలు లేదు. అప్పటి 42 మంది లోక్‌సభ సభ్యుల్లో చాలామంది ఆ తర్వాత ఎన్నికల సభల్లో తాము బిల్లు కోసం ఎంత పోరాడామో, బిల్లును ఆపడానికి ఎంత పోరాడామో చెప్పుకున్నారు. ఆ మాటల పక్కన పెట్టి పోల్చడానికి ఓటర్ల చేతిలో ఏ కాగితమూ లేదు. డివిజన్ అడిగే హక్కు నిబంధనల్లో అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ప్రతి బిల్లు చివరి ఆమోదానికి అది తప్పనిసరి చేయడానికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు, సభా నియమాల్లో మార్పు చాలు.